స్టేషనరీ స్పెల్లింగ్: ఎనిమిదో అక్షరం దగ్గర ఒక్క క్షణం ఆగండి

కడపలో ఏడు రోడ్ల దగ్గర నిలబడి ఏ దిక్కుకు నడిచినా కాసేపట్లోనే ఒక పుస్తకాల అంగడో జెరాక్స్ సెంటరో తగులుతుంది. దాని బోర్డు మీద ఇంగ్లీషులో స్టేషనరీ అనే మాట ఉంటుంది. ఈసారి పోయినప్పుడు తల పైకెత్తి ఆ మాటను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవండి. కొన్నింటి మీద స్పెల్లింగ్ సరిగ్గా ఉంటుంది, కొన్నింటి మీద ఉండదు, ఆ ఉండని వాటిలో పదకొండేళ్ల పాటు నాది కూడా ఒకటి కాబట్టి ఎవరినీ ఎగతాళి చేసే హక్కు నాకు లేదు.

నాది జెరాక్స్, డీటీపీ అంగడి. పక్కన అద్దాల బీరువాలో నోట్‌బుక్కులు, పెన్నులు, పరీక్ష అట్టలు, గ్రాఫ్ పేపర్లు కూడా పెడతాను. అంగడి తెరిచిన రోజున షట్టర్ మీద పెయింటర్ రాసిన మాటలో తప్పు ఉంది, ఆ షట్టర్ చూసి నేనే ఫ్లెక్సు డిజైన్ చేసుకున్నా, ఆ ఫ్లెక్సు చూసి బిల్లు బుక్కు, బిల్లు బుక్కు చూసి రబ్బరు స్టాంపు. అన్నిట్లో ఒకే తప్పు. పైగా నేను రోజూ పదిమందికి ఇంగ్లీషులో టైప్ చేసిచ్చే మనిషిని!

ఒక జూన్‌లో, బళ్లు తెరిచే వారం, అంగడి నిండా జనం. తొమ్మిదో తరగతి పాప వాళ్ల నాయనతో వచ్చి లాంగ్ నోట్సులు కట్ట కట్టించుకుంటూ బోర్డు వైపు చూసి, "అంకుల్, మీ బోర్డు ప్రకారం మీ అంగడి కదలదంట" అంది. "యాడికి కదుల్తుంది పాపా, అడ్వాన్స్ కట్టినాం గదా" అని నవ్వేశాను. వాళ్లు పోయాక డిక్షనరీ తెరిచి చూస్తే నవ్వు పోయింది. పాప చెప్పింది అక్షరాలా నిజం. మీ బోర్డు స్పెల్లింగ్ మీద మీకూ అనుమానం ఉంటే ఇది మీ కోసమే, కూర్చుని చదివితే పది నిమిషాల పని.

మొదట చేయాల్సింది మాటను విప్పి చూడటం. ఇంగ్లీషులో స్టేషనరీ అని పలికే మాటలు రెండు ఉన్నాయి. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, చెవికీ రెండూ ఒకటే, డిక్షనరీలో ఉచ్చారణ చూసినా రెండింటికీ ఒకటే ఇస్తాడు. కాబట్టి "గట్టిగా పలికి చూసుకో, స్పెల్లింగ్ అదే వస్తుంది" అని బళ్లో చెప్పిన చిట్కా ఇక్కడ పనికిరాదు. రెండింటిలోనూ పదేసి అక్షరాలు. మొదటి ఏడూ ఒకటే: ఎస్, టీ, ఏ, టీ, ఐ, ఓ, ఎన్, అంటే రైల్వే స్టేషన్‌లో ఉండే స్టేషన్. చివరి రెండూ ఒకటే: ఆర్, వై. తేడా అంతా మధ్యలో ఉన్న ఎనిమిదో అక్షరంలో ఉంది. అక్కడ ఈ ఉంటే కాగితాలు, పెన్నులు, ఫైళ్లు, గమ్ము, గుండుసూదులు. అక్కడ ఏ ఉంటే కదలకుండా ఆగి ఉన్నది అని అర్థం. మొదటిదాన్ని ఈ-స్టేషనరీ అని, రెండోదాన్ని ఏ-స్టేషనరీ అని పిలుచుకుందాం, లేకపోతే తెలుగులో రాసుకుంటూ ఇద్దరం కలిసి తికమకపడతాం.

ముందు ఆ మొదటి ఏడు అక్షరాలు సరిగ్గా రాయడం అలవాటు చేసుకోండి. ఐ తర్వాత ఓ మింగేసేవాళ్లు ఉన్నారు, ఎన్ తర్వాత నేరుగా ఆర్ వై రాసి ఎనిమిదో అక్షరం గొడవే లేకుండా చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. స్టేషన్ అని పూర్తిగా రాయండి, చేయి ఆపండి, ఆలోచించండి, అప్పుడు ఎనిమిదోది రాయండి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ, ఆ ఆపడమే అసలు కిటుకు.

ఆగి ఏం ఆలోచించాలి? ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాల్లో దీనికి ఒక గుర్తు చెబుతారు, ఎన్వలప్‌లో ఈ ఉంది కాబట్టి స్టేషనరీలోనూ ఈ అని. చెప్పినవాళ్లకు బాగానే ఉంటుంది. మనం ఎన్వలప్ అని ఎప్పుడన్నాం? నా అంగడిలో ఇన్నేళ్లలో "ఎన్వలప్ ఇవ్వండి" అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందరూ "కవరు" అనే అడుగుతారు, కవరు స్పెల్లింగ్ సీతో మొదలవుతుంది. ఎరేజర్ అని ఇంకొకరు చెబుతారు, దాన్ని మనం రబ్బరు అంటాం. మన నోట్లో లేని మాటను పట్టుకుని ఇంకో మాటను గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు.

అందుకని మన మాటలే పట్టుకోండి. ఏ-స్టేషనరీకి ఆగు. వాట్సాప్‌లో ఆగు అని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేటప్పుడు మొదట ఏం కొడతారు? ఏ. అంతే. ఆగి ఉన్నదానికి ఏ. ఇంకా గట్టిగా నాటుకోవాలంటే పేపర్లో జిల్లా పేజీ తీయండి, "ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు" అనే హెడ్డింగ్ మనం చదవని నెల ఉండదు. కర్నూలు నుంచి నంద్యాల, కడప మీదుగా చిత్తూరు వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట ప్రయాణం చేసినవాళ్లకు ఆ హెడ్డింగ్ ఎందుకు వస్తుందో చెప్పక్కర్లేదు. ఆ ఆగి ఉన్న లారీయే ఇంగ్లీషులో స్టేషనరీ లారీ, ఎనిమిదో అక్షరం ఏ.

ఈ-స్టేషనరీకి గుర్తు మీ నోట్లోనే ఉంది, అంగట్లోకి వచ్చి మీరు అడిగే మొదటి మాటే అది. "ఈ పెన్ను ఎంత? ఈ నోట్సు ఎంత? ఈ గమ్ము వద్దు, ఇంకోటి చూపించు." వేలు పెట్టి చూపించి కొనే సామాను కాబట్టి ఈ. నాకు ఇది పనిచేసింది, మా ఇంట్లో పిల్లలకూ పనిచేసింది.

ఇది కాక ఇంకో దారి కూడా ఉంది, కొంచెం లెక్క ప్రకారం ఆలోచించే వాళ్లకు నచ్చుతుంది. బేకరీ స్పెల్లింగ్ రాయండి. చివర ఈ, ఆర్, వై. రొట్టెలు కాల్చేవాడు బేకర్, అతని అంగడి బేకరీ. అలాగే గ్రోసర్, గ్రోసరీ. అదే వరసలో కాగితాలు అమ్మేవాడు స్టేషనర్, అతని సరుకు స్టేషనరీ. అమ్మేవాడి పేరులో ఉన్న ఈ-ఆర్ అలాగే సరుకు పేరులోకి వచ్చింది. మెషినరీ, క్రాకరీ, కట్లరీ, ఇవి కూడా చూడండి, అన్నీ కలిపి చెప్పే సామాన్ల పేర్లు, అన్నిట్లోనూ చివర ఈ-ఆర్-వై. అవతలి వైపు ప్రైమరీ స్కూలు, సెకండరీ గ్రేడ్ టీచరు, ఆర్డినరీ బస్సు, టెంపరరీ ఉద్యోగం, వీటన్నింటి చివర ఏ-ఆర్-వై. ఇవి వస్తువులు కావు, వస్తువు ఎలాంటిదో చెప్పే మాటలు. ఆగి ఉన్న అనే మాట కూడా లారీ ఎలా ఉందో చెప్పేదే, అందుకే ఈ గుంపులో కలిసింది. అయితే దీన్ని అన్ని మాటలకూ సూత్రంలా వాడకండి, లైబ్రరీ, డిక్షనరీ, శాలరీ వస్తువుల గుంపులోవే అయినా ఏతో ఉంటాయి. ఇంగ్లీషులో ఏ సూత్రమూ సాయంత్రం దాకా నిలబడదు.

అసలు ఈ రెండు మాటలూ ఇంత దగ్గరగా ఎందుకున్నాయి అని నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు, చదివితే తెలిసింది ఏంటంటే రెండూ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో నిలబడటం అనే ధాతువు నుంచి స్టేషన్ వచ్చింది, అంటే నిలిచే చోటు. మన సంస్కృతంలోని స్థా ధాతువూ అదీ ఒకే మూలం నుంచి వచ్చినవి. స్థానం, స్థిరం, స్థావరం అన్నీ దీని బంధువులే. స్థావర జంగమాలు అంటాం చూడండి, అందులోని స్థావరమే ఏ-స్టేషనరీ. స్థా అనేదాంట్లో దీర్ఘం కూడా ఆగులో ఉన్న ఆ అచ్చే కాబట్టి, ఆగు అనే గుర్తుకు ఇది ఇంకో మేకు.

మరి కాగితాలకు ఆ పేరు ఎలా వచ్చిందంటే, యూరప్‌లో విశ్వవిద్యాలయాలు మొదలైన రోజుల్లో సరుకు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లే ఎక్కువ. విశ్వవిద్యాలయం పక్కన అనుమతి తీసుకుని ఒకే చోట అంగడి పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాడిని స్టేషనరియస్ అన్నారు, అంటే నిలకడగా ఒకచోట ఉండేవాడు అని. 13వ శతాబ్దంలో పారిస్, బొలోన్యా లాంటి చోట్ల వీళ్లు చేసిన పని చదివితే నాకు ఒళ్లు పులకరించింది. పాఠ్యపుస్తకం అసలు ప్రతిని విడి భాగాలుగా ఉంచి, ఒక్కో భాగాన్ని విద్యార్థులకు అద్దెకిచ్చేవాళ్లు, వాళ్లు దాన్ని చూసి రాసుకుని తిరిగి ఇచ్చి తర్వాతి భాగం తీసుకుపోయేవాళ్లు. అంటే అది అప్పటి జెరాక్స్ అంగడి! ఇంగ్లాండులో ఈ స్టేషనర్ల సంఘం 1403లో ఏర్పడింది, 1557లో దానికి రాచరికపు అనుమతి పత్రం (రాయల్ చార్టర్) కూడా దక్కింది. తర్వాత కాగితం, సిరా లాంటివి సర్కారు ఆఫీసులకు సమకూర్చడానికి 1786లో అక్కడ హిజ్ మెజెస్టీస్ స్టేషనరీ ఆఫీసు అనే శాఖే పెట్టారు. ఆ లెక్కన ఆ పాప అన్నదాంట్లో ఇంకో నిజం ఉంది, అసలు స్టేషనర్ అంటేనే కదలని అంగడివాడు. కానీ స్పెల్లింగ్ విషయంలో ఈ వాదన పనికిరాదు, ఇప్పుడు రెండు మాటలూ వేర్వేరు ఇళ్లు కట్టుకుని విడిపోయాయి.

మా ఊరి పేరుతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. కడపను ఇంగ్లీషులో 2005 దాకా అధికారికంగా సీ, యూ, డీ, డీ, ఏ, పీ, ఏ, హెచ్ అని ఎనిమిది అక్షరాలతో రాసేవాళ్లు, తర్వాత కేతో మొదలయ్యే ఆరు అక్షరాలకు మార్చారు. భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు కడప బేసిన్ గురించి రాసేటప్పుడు ఇప్పటికీ పాత స్పెల్లింగే వాడతారు. అక్కడ ఎలా రాసినా ఊరు ఒకటే, బస్సు అక్కడికే పోతుంది. స్టేషనరీ దగ్గర ఆ వెసులుబాటు లేదు, ఒక్క అక్షరం మారితే అంగడిలోని సరుకు పోయి రోడ్డు మీద ఆగిపోయిన లారీ వచ్చేస్తుంది.

ఇప్పుడు వాడటం. ముందు ఈ-స్టేషనరీ, ఎందుకంటే మనలో నూటికి తొంభై మందికి పని పడేది దీనితోనే. అంగడి బోర్డు, ఆఫీసు ఇండెంటు, స్కూలు ఫీజు రశీదులో పుస్తకాలు-స్టేషనరీ అనే లైను, ట్యాలీలో ప్రింటింగ్ అండ్ స్టేషనరీ అనే లెడ్జరు, టెండరు కాగితంలో సప్లై ఆఫ్ స్టేషనరీ, పెళ్లిపత్రికలు కొట్టేవాళ్ల విజిటింగ్ కార్డు, అన్నిట్లోనూ ఈ. కళ్లు మూసుకుని ఈ రాసేయండి. దీన్ని బహువచనం చేయకండి, ఇది చాలామంది చూసుకోని తప్పు. తెలుగులో సామాను అంటాం, సామాన్లు అని కూడా అంటాం కదా, ఆ అలవాటులో ఇంగ్లీషులో స్టేషనరీస్ అని చివర ఐ-ఈ-ఎస్ తగిలిస్తారు. ఫర్నిచర్‌కు ఎస్ పెట్టనట్టే దీనికీ పెట్టకూడదు. ఎక్కువ వస్తువులు అని చెప్పాలనుకుంటే స్టేషనరీ ఐటమ్స్ అనండి, అక్కడ ఎస్ ఐటమ్‌కు పోతుంది, గొడవ ఉండదు. ముందు ఎ అనో వన్ అనో పెట్టి ఒక స్టేషనరీ అని కూడా రాయకూడదు. వాక్యంలో పక్కన క్రియ పెట్టేటప్పుడు ఆర్ కాదు, ఈజ్. స్టేషనరీ ఈజ్ అవుట్ ఆఫ్ స్టాక్, అట్లా.

ఆఫీసుకు లెటరు రాసేటప్పుడు ఒక చిన్న మాట. ఉట్టి స్టేషనరీ కావాలి అని రాస్తే అవతలివాళ్లకు ఏం పంపాలో తెలీదు. విదేశాల్లో కొన్నిచోట్ల ఆ మాట వింటే ఉత్తరాలు రాసే కాగితం, దానికి జతగా వచ్చే కవర్లే గుర్తుకొస్తాయి, మన దగ్గర స్టాప్లర్ పిన్నుల నుంచి ఫైలు ట్యాగుల దాకా అన్నీ అందులోకే వస్తాయి. అందుకని ఆఫీస్ స్టేషనరీ అనో స్కూల్ స్టేషనరీ అనో రాసి, కింద లిస్టు ఇవ్వండి. ఎన్ని రీములు, ఏ సైజు, ఎన్ని జీఎస్‌ఎమ్ (అంటే కాగితం ఎంత బరువుది) అని రాస్తే ఇంకా మంచిది, నాలాంటి వాళ్లం రెండుసార్లు ఫోన్ చేయాల్సిన పని తప్పుతుంది.

ఏ-స్టేషనరీ మనకు తక్కువగా తగులుతుంది గానీ, తగిలిన చోట మార్కులో డబ్బులో పోతాయి. బండి ఇన్సూరెన్సు క్లెయిము రాసేటప్పుడు నా బండి ఆగి ఉంది, వెనక నుంచి వచ్చి గుద్దారు అని చెప్పాలంటే మై వెహికల్ వాజ్ స్టేషనరీ అని రాస్తారు, అక్కడ ఏ ఉండాలి. ఈ రాస్తే మీ బండి నోట్‌బుక్కు అయిపోతుంది. చదివేవాడికి అర్థం కాదని కాదు, అర్థమై నవ్వుతాడు, క్లెయిము కాగితం చదివి నవ్వేవాడితో మనకు పని పడకుండా ఉంటేనే మేలు.

ఇంటర్ పిల్లలైతే ఫిజిక్సులో స్టేషనరీ వేవ్స్ చూసి ఉంటారు, తెలుగు మీడియంలో స్థిర తరంగాలు అంటారు. కెమిస్ట్రీలో బోర్ 1913లో చెప్పిన పరమాణు నమూనా దగ్గర స్టేషనరీ ఆర్బిట్స్ వస్తాయి. మ్యాథ్స్‌లో వాలు సున్నా అయ్యే చోటు స్టేషనరీ పాయింట్. అన్నీ ఏ. సైన్సు పుస్తకంలో ఈ మాట కనిపిస్తే పెన్నుల డబ్బా బొమ్మ పక్కన ఉంటే తప్ప అది ఏ-స్టేషనరీయే అనుకోండి. జియోస్టేషనరీ ఉపగ్రహం కూడా ఇదే గుంపు. భూమధ్యరేఖకు పైన దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో భూమితో పాటే అదే వేగంతో చుట్టి వస్తుంది కాబట్టి కింది నుంచి చూసేవాళ్లకు ఒకచోట ఆగి ఉన్నట్టే ఉంటుంది. మీ మిద్దె మీద టీవీ డిష్ గొడుగును ఒకసారి తిప్పి బిగించి వదిలేస్తారు కదా, రోజూ తిప్పాల్సిన పని లేకపోవడానికి కారణం అదే. ఆ గొడుగు ఎటు చూస్తోందో అటు ఆకాశంలో ఒక పెద్ద ఏ ఆగి ఉందనుకోండి.

ఇక కంప్యూటర్లో ఎలా సరిచేసుకోవాలో చెబుతాను, ఇక్కడే నేను రెండోసారి బోల్తా పడ్డాను.

పాప చెప్పిన తర్వాత నాకు ఈ పిచ్చి పట్టుకుంది. ఎక్కడ ఏ కనిపించినా ఈ చేయాల్సిందే. అదే నెలలో ఒక ఫార్మసీ విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టు టైపింగుకు ఇచ్చాడు, అందులో క్రొమటోగ్రఫీ, అంటే కలిసిపోయిన పదార్థాలను విడదీసే పద్ధతి, దాని మీద పెద్ద అధ్యాయం ఉంది. పేజీ పేజీకీ స్టేషనరీ ఫేజ్, మొబైల్ ఫేజ్ అనే మాటలు. నాకు కెమిస్ట్రీ రాదు. అయ్యో, వీడు కూడా నాలాగే తప్పు రాశాడే, పాపం సాయం చేద్దాం అనుకుని రీప్లేస్ ఆల్ నొక్కేశాను, ఎన్నో చోట్ల మారినట్టు డబ్బా వచ్చింది, సంతోషంగా ఓకే కొట్టాను. నాలుగు కాపీలు ప్రింటు, హార్డ్ బైండింగు, పైన బంగారు రంగు అక్షరాలు. మూడో రోజు ఆ అబ్బి వచ్చి రిపోర్టు టేబుల్ మీద పెట్టి, "అన్నా, మా సార్ అడుగుతున్నాడు, కాలమ్‌లో పెన్నులు పోసినారా, పెన్సిళ్లు పోసినారా అని" అన్నాడు. కాలమ్ అంటే ఆ విడదీసే పని జరిగే గొట్టం, అందులో కదిలే మొబైల్ ఫేజ్ పక్కన కదలకుండా ఉండేది స్టేషనరీ ఫేజ్, ఏతోనే ఉండాలి. నాలుగు కాపీలు మళ్లీ నా ఖర్చుతో.

కాబట్టి ఎప్పుడైనా సరే రీప్లేస్ ఆల్ జోలికి పోవద్దు. కంట్రోల్, ఎఫ్ నొక్కి, స్టేషన్ అనే ఏడు అక్షరాలు మాత్రమే కొట్టండి. రెండు మాటలూ దొరుకుతాయి, రైల్వే స్టేషన్లూ దొరుకుతాయి, పర్వాలేదు. ఒక్కోదాని దగ్గర ఆగి, ఇక్కడ ఆగి ఉన్నది అని పెడితే వాక్యం నిలబడుతుందా, కాగితాలు-పెన్నులు అని పెడితే నిలబడుతుందా అని తెలుగులో అడుక్కోండి. "ఆగి ఉన్న అంగడి" వింతగా ఉంది, "కాగితాల అంగడి" సరిపోయింది, కాబట్టి ఈ. "కాగితాల లారీ వెనక గుద్దాడు" అంటే ఏమో, లారీలో నిజంగానే కాగితాలు ఉండొచ్చు, అప్పుడు ముందూ వెనకా వాక్యాలు చదవండి. ఈ ఒక్క ప్రశ్నతో దాదాపు అన్నీ తేలిపోతాయి.

స్పెల్‌చెక్ చూసుకుంటుంది లే అనుకోకండి. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే కాబట్టి ఎర్ర గీత రాదు. బోర్డు మ్యాటరు విషయంలో ఇంకో చిక్కు ఉంది, మనం బోర్డులు అన్నీ పెద్ద అక్షరాల్లో కొడతాం, వర్డ్‌లో సెట్టింగు మార్చకపోతే మొత్తం పెద్ద అక్షరాల్లో ఉన్న మాటలను అది అసలు తనిఖీ చేయదు. అంటే ఓ మింగేసినా చెప్పదు. ముందు చిన్న అక్షరాల్లో కొట్టి, చూసుకుని, తర్వాత పెద్దవి చేయండి. ఫోన్‌లో అయితే కీబోర్డు సెట్టింగుల్లో పర్సనల్ డిక్షనరీ ఉంటుంది, అందులో సరైన స్పెల్లింగ్‌తో ఈ-స్టేషనరీని ఎక్కించి దానికి మూడు నాలుగు అక్షరాల పొట్టి గుర్తు పెట్టుకుంటే, ఆ గుర్తు కొట్టగానే పూర్తి మాట పైన సూచనగా వస్తుంది. రోజూ బిల్లులు వాట్సాప్‌లో పంపేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

ఫ్లెక్సు వేయించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కోరల్‌డ్రాలో డిజైన్ అయ్యాక అక్షరాలను కర్వ్స్‌లోకి మార్చి ప్రింటుకు పంపుతారు. మార్చాక అవి అక్షరాలు కావు, బొమ్మలు, కర్సర్ పెట్టి సరిచేయడం కుదరదు. కాబట్టి డిజైనర్ ఫోన్‌కు పంపిన బొమ్మను కర్వ్స్ చేయకముందే చూడండి, రంగులు, మీ ఫోటో బాగున్నాయా అని చూసి బాగుందన్నా అనేయకుండా మాటలను చివరి నుంచి మొదటికి, వై, ఆర్, ఆ తర్వాత ఏముంది అని వెనక్కి చదవండి. ముందు నుంచి చదివితే మన కన్ను అలవాటు ప్రకారం దూకేస్తుంది.

తప్పు బోర్డు ఇప్పటికే వేలాడుతోంది అంటారా, మొత్తం మార్చక్కర్లేదు. రేడియం స్టిక్కర్ కట్ చేసేవాళ్ల దగ్గర ఒక్క ఈ అక్షరం కోయించుకుని అతికిస్తే చాలు, కానీ నేరుగా ఏ మీద ఈ అంటిస్తే కింద ఏ కాళ్లు రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాయి, చూడ్డానికి అక్షరం కుంటుతున్నట్టు ఉంటుంది. ముందు బోర్డు వెనక రంగులోనే ఒక చతురస్రం ముక్క కోయించి ఏ మొత్తం మూసేయండి, దాని మీద ఈ. పాత ఫ్లెక్సు అయితే మన ఎండకు వెలిసిపోయి ఉంటుంది, కొత్త ముక్క రంగు కలవదు, అట్లాంటప్పుడు ఎలాగూ మార్చే వయసు వచ్చింది కాబట్టి కొత్తది వేయించడమే నయం. విడి అక్షరాలు బిగించిన ఖరీదైన బోర్డు అయితే ఆ ఒక్క అక్షరం విప్పి మార్పిస్తారు.

బోర్డు మార్చే ముందు బీరువాలోని కాగితాలు కూడా తీసి చూడండి. అంగడి పేరులోనే స్టేషనరీ ఉండి, లైసెన్సులో, జీఎస్టీ సర్టిఫికెట్టులో, బ్యాంకు కరెంటు ఖాతాలో తప్పు స్పెల్లింగే ఎక్కి ఉంటే, బోర్డు, బిల్లు బుక్కు మాత్రం మార్చేస్తే రెండు పేర్లు తయారవుతాయి. ఎవరైనా చెక్కు రాసిచ్చినప్పుడు తలనొప్పి. ముందు కాగితాల్లో సవరణ పెట్టుకుని తర్వాత బోర్డు మార్చండి, లేదా కాగితాల్లో ఉన్నదే బిల్లు మీద ఉంచండి. నా అదృష్టం, లైసెన్సులో జెరాక్స్ అని మాత్రమే రాయించుకున్నా.

మా బోర్డు మీద ఇప్పుడు ఈ ఉంది. బిల్లు బుక్కులు అయిపోయేదాకా చేత్తో దిద్దాను, స్టాంపు కొత్తది చేయించాను. షట్టర్ మీది పెయింటు మాత్రం మార్చలేదు. మా ఇంట్లో ఆమె అడుగుతూనే ఉంటుంది, అదొక్కటీ ఎందుకు వదిలేశావు అని. షట్టర్ మీద రాసింది కనపడేది అంగడి మూసినప్పుడే కదా, ఆ వేళకు లోపల అమ్మకం లేదు, మిషన్లు తిరగవు, అంగడి నిజంగానే ఆగి ఉంటుంది, అప్పుడు అక్కడ ఏ ఉంటే తప్పేముంది అంటాను.